డీసీనా, డీసీసీనా? చిన్న మోడల్ రైలు లేఅవుట్‌కి ఏది మేలు

అనంతపురంలో మా మేడ మీద గదిలో 6 అడుగులకు 4 అడుగుల ప్లైవుడ్ మీద, గుత్తి డీజిల్ షెడ్డును తలుచుకుంటూ హెచ్‌ఓ సైజులో (అసలు రైలులో 87వ వంతు) మోడల్ రైలు లేఅవుట్, అంటే పట్టాల అమరిక, కట్టాను. ముందు డీసీ, అంటే పట్టాల్లోకి మామూలు డైరెక్ట్ కరెంటు పంపి నడపడం. వోల్టేజీ పెంచితే బండి పరుగెడుతుంది, అంతే. కానీ రెండో ఇంజన్ పెట్టగానే రెండూ కలిసే కదులుతాయి, ఒకదాన్ని ఆపాలంటే పట్టాను బ్లాకులుగా కోసి ఒక్కోదానికి ఒక్కో స్విచ్చి పెట్టాలి, బల్ల కింద వైర్లన్నీ చిక్కుముడి.

డీసీసీలో (డిజిటల్ కమాండ్ కంట్రోల్) పట్టాల్లో కరెంటు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, ఇంజన్‌లోని డీకోడర్ అనే చిన్న సర్క్యూట్ తన నంబరుకు వచ్చిన ఆదేశాన్నే వింటుంది (కొత్తదానికి మామూలుగా 3). బల్ల కింద రెండు లావు బస్ వైర్లు (ప్రధాన తీగలు), వాటి నుంచి పట్టాకు మూడడుగులకో ఫీడర్ (సన్న తీగ) చాలు. ఖర్చు ఎక్కువే, అయినా షంటింగ్ (పెట్టెల్ని అటూ ఇటూ జరిపి కలపడం, విడదీయడం) ఇష్టమైతే డబ్బు కూడబెట్టి ఇదే కొనండి. ఆషాఢం గాలికి పడే దుమ్మును మాత్రం రెండింటికీ రోజూ తుడవాల్సిందే.