రెయిన్ గేజ్ కొని రెండేళ్ళు: వాన లెక్క తేలింది, అంకెలు చెరిగిపోయాయి

పొలంలో గుంజకు బిగించుకునే మామూలు ప్లాస్టిక్ రెయిన్ గేజ్, అంటే వాన ఎంత పడిందో కొలిచే గొట్టం ఇది. బ్యాటరీ లేదు, యాప్ లేదు, రోజూ పొద్దున్నే ఒకే టైముకి వెళ్ళి చూసి రాసుకోవడమే. కంపెనీ పేరు మాత్రం చెప్పను, తిట్టాల్సినవి కూడా ఉన్నాయి మరి.

గరాటు నోటి వైశాల్యం లోపలి గొట్టానికి పది రెట్లు, కాబట్టి ఒక మిల్లీమీటరు వాన పడితే గొట్టంలో నీళ్ళు సెంటీమీటరు లేస్తాయి, తుంపర పడినా కళ్ళద్దాలు వెతుక్కోకుండా చదవొచ్చు. అంచుల దగ్గర నీళ్ళు కాస్త పైకి పాకి ఉంటాయి, మధ్యలో పల్లంగా ఉన్న చోట కొలత చూడాలి. అది తెలియక మొదటి నెలంతా ఎక్కువ రాసుకున్నాను. 25 మి.మీ. దాటితే మిగతాది బయటి డబ్బాలోకి పొర్లుతుంది.

ఆ డబ్బా విలువ ఒక ఉరుముల రాత్రి తెలిసింది. తెల్లారి చూస్తే గొట్టం నిండి ఉంది, అది పారబోసి బయటి నీళ్ళు కొలుస్తూ పోతే మొత్తం 86 తేలింది. కిలోమీటరు అవతల ఇలాంటిదే పెట్టుకున్న పక్క రైతుకి 31! ఉరుముల మబ్బు అంతే, ఒక చేను ముంచి ఇంకో చేను తడిపి పోతుంది, ఫోన్‌లో చూపించిన అంకె మా ఇద్దరిలో ఎవరిదీ కాదు. అతను రెండు రోజులకే నేల పదును (దున్నడానికి సరిపడా తేమ) చూసుకుని దుక్కిలోకి దిగాడు, నేను గట్టు తెగ్గొట్టి నీళ్ళు బయటికి పంపుతూ కూర్చున్నాను.

ఎకరం మీద ఒక మిల్లీమీటరంటే దాదాపు 4,047 లీటర్లు. ఎండాకాలం చివర 5 మి.మీ. పడితే ఇరవై వేల లీటర్లని తెగ మురిసిపోయాను, బొటనవేలితో గీరి చూస్తే కింద పొడి మన్నే.

ఇక తిట్లు. ఒక్క ఎండాకాలానికే అంకెలు వెలిసిపోయాయి, ఇప్పుడు చాకుతో పెట్టుకున్న గాట్లే దిక్కు. స్క్రూలు తుప్పు పట్టాయి. గరాటుకి జల్లెడ లేదు, ఒకసారి సాలెగూడులో ఆకు ఇరుక్కుని, రాత్రంతా ముసురు పట్టినా గొట్టంలో చుక్క లేదు, నీళ్ళన్నీ గరాటులోనే నిలబడ్డాయి. గేజ్‌తో వచ్చిన కాగితంలో ‘ఖాళీ స్థలంలో పెట్టండి’ అని ఒక ముక్క రాసి ఊరుకున్నారు. చెట్టు ఎంత ఎత్తుంటే అంతకు రెండింతల దూరంలో పెట్టాలని ఎవరూ చెప్పకపోతే నేను చక్కగా వేపచెట్టు పక్కనే పాతాను. ఈదురు గాలికి చినుకులు పక్కకి కొట్టుకుపోయి తక్కువ చూపిస్తుంది, అది ఇలాంటి గేజ్‌లన్నింటికీ ఉన్నదే, కంపెనీని అనలేం.

అనుకోకుండా కలిసొచ్చింది నోట్‌బుక్. రోజూ వాన లెక్క రాస్తుంటే పక్కనే కప్పలు మొదలెట్టిన రాత్రి, ఉసిళ్ళు లేచిన సాయంత్రం కూడా రాయడం అలవాటైంది. రెండేళ్ళూ మొదటి గట్టి వాన పడిన మర్నాడే ఉసిళ్ళు లేచాయి, తేదీల్లో మాత్రం పదిహేను రోజుల తేడా.

నా మార్కులు 5కి 3. కొనేవాళ్ళు పార్సిల్ విప్పగానే అంకెల మీద గోరుతో గీరి చూడండి, రంగు ఊడితే అదే రోజు వెనక్కి పంపేయండి.