చెవిలో టైటానియం ఎముక: పావు మిల్లీమీటరు దగ్గరే ఉంది అంతా

మధ్యచెవిలో కృత్రిమ ఎముక పెట్టించుకోబోయేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న, టైటానియం మంచిదా కాదా అని. మంచిదే, ఆ సంగతి డాక్టర్లే చెబుతారు. రెండు రకాలు వాడాక నేను చెప్పగలిగింది వేరే ఉంది: పొడవు ఎలా కుదురుస్తారో అడగండి.

మధ్యచెవిలో శబ్దాన్ని లోపలికి చేరవేసే బుల్లి ఎముకలు మూడుంటాయి. ఏళ్ల తరబడి చీము కారి నా ఎడమ చెవిలో వాటిలో నడిమిదైన ఇంకస్ కొస అరిగిపోయింది. మూడు ఎముకల్లో తరచుగా ముందు పోయేది ఆ కొసే, దానికి రక్తం అందేది తక్కువ. అన్నిటికన్నా లోపలుండే స్టేపిస్ మాత్రం చెక్కుచెదరలేదు. అందుకని స్టేపిస్ తలకూ కర్ణభేరికీ మధ్య నిలబడే పొట్టి రకం, పోర్ప్, పెట్టారు.

మొదట పెట్టింది మార్చడానికి వీల్లేని పొడవుది. తయారుగా ఉన్న సైజుల్లో దగ్గరగా ఉన్నది చూసి అమర్చారు. బాగానే వినిపించింది. అప్పట్లో అడిగినవాళ్లందరికీ కళ్లు మూసుకుని చేయించుకోమని చెప్పాను.

తర్వాత ఒకసారి జలుబుతో విమానం ఎక్కాల్సి వచ్చింది. దిగేటప్పుడు చెవి బిగుసుకుపోయింది. గుటకలు మింగగా మింగగా ఒక్కసారిగా విప్పుకుంది, లోపల చిన్నగా టక్‌మంది. హమ్మయ్య అనుకునేలోపే పక్క సీటాయన మాట సగానికి పడిపోయింది. నా గొంతు మాత్రం ఆ చెవిలోనే గట్టిగా మోగుతోంది. రాత్రికి సర్దుకుంటుందనుకున్నాను, సర్దుకోలేదు. ఈఎన్‌టీ డాక్టర్ ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నా నుదుటి మీద ఆనిస్తే, శబ్దం పాడైన చెవిలోనే ఎక్కువ వినిపించింది! లోపలి చెవి బాగానే ఉందని, దారిలో ఎక్కడో తెగిందని అర్థమట. వినికిడి పరీక్ష గ్రాఫులో (ఆడియోగ్రామ్) చెవి రంధ్రం గుండా విన్నది చూపే గాలి గీత, పుర్రె ఎముక ద్వారా విన్నది చూపే ఎముక గీత దూరంగా విడిపోయి కనిపించాయి.

ఎందుకిలా అయిందో ఆయన చెప్పినప్పుడే నాకు విషయం బుర్రకెక్కింది. మామూలు మాటలకు కర్ణభేరి కదిలేది నానోమీటర్లలో. గాలి పీడనం మారినప్పుడు మాత్రం అది మిల్లీమీటరులో కొన్ని వంతులు లోపలికీ బయటికీ జరుగుతుంది. అంటే లక్షల రెట్లు ఎక్కువ. సహజమైన ఎముకలకు మధ్యలో కీళ్లున్నాయి కాబట్టి ఆ కుదుపును అవే మింగేస్తాయి. ఒంటి కడ్డీకి కీలెక్కడిది? కాస్త పొట్టిగా ఉంటే కర్ణభేరి బయటికి ఉబ్బినప్పుడు పట్టు తప్పి పక్కకు ఒరుగుతుంది. పొడవెక్కువైతే కర్ణభేరి బిగుసుకుపోయి, ముఖ్యంగా తక్కువ శ్రుతి ఉన్న బొంగురు శబ్దాలు మందగిస్తాయి, తోసుకుని బయటికి వచ్చే ప్రమాదమూ ఉంటుంది. నాది పొట్టిదై ఒరిగింది.

రెండోసారి పెట్టింది పొడవు సరిచేసుకునే రకం. మత్తు చెవి వరకే ఇచ్చారు కాబట్టి మాటలన్నీ వింటూనే ఉన్నాను. సక్షన్ చప్పుడు భరించడం కష్టం, తల కూడా తిరిగింది. ముందు కొలత ముక్కతో ఖాళీ ఎంతుందో చూశారు. తర్వాత బల్ల మీదే టైటానియం పళ్లేన్ని కడ్డీ వెంట జరిపి, కావలసిన చోట నొక్కి బిగించి, మిగిలిన కొసను కత్తిరించారు. "ఇంకో పావు మిల్లీమీటరు తగ్గిద్దాం" అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. పళ్లెంలో ఖాళీలుంటాయి, వాటిలోంచి చూస్తూ స్టేపిస్ తల మీద కూర్చోబెడతారట. పైన నా చెవి మృదులాస్థి ముక్కనే పలచగా చేసి కప్పారు, లోహం కర్ణభేరిని ఒరుసుకోకుండా. అంతా అయ్యాక డాక్టర్ మెల్లగా, "వినిపిస్తోందాండీ?" అన్నారు. వినిపించింది. నాకు ఏడుపొచ్చేసింది.

చెవిలో దూది తీసి, వాపు తగ్గాక అసలు సంతోషం మొదలైంది. స, ష లాంటి పలచని శబ్దాలు విడివిడిగా తెలిశాయి. ఎవరైనా పిలిస్తే ఏ పక్కనుంచో తల తిప్పకుండానే తెలుస్తోంది. రెండు చెవులూ పనిచేస్తేనే దొరికే సుఖం అది. ఆ తర్వాత విమానాలెక్కాను, జలుబులూ చేశాయి, ఇది కదల్లేదు.

అయితే ఇంత సంబరమూ మొదటి నెలలదే. గాయం మానే కొద్దీ కర్ణభేరి కొంచెం బిగుసుకుంది, వినికిడి ఒక మెట్టు దిగింది. ఆడియోగ్రామ్‌లో ఆ గాలి, ఎముక గీతల మధ్య తేడా 20 డెసిబెల్స్ లోపు ఉంటే మంచి ఫలితంగా లెక్కేస్తారు. నాది ఆ లోపే ఉంది గానీ పూర్తిగా పూడలేదు. పదిమంది ఒకేసారి మాట్లాడే చోట ఇప్పటికీ ఇబ్బందే. నా అసంతృప్తి ఇక్కడే: సరిచేసే అవకాశమంతా ఆపరేషన్ బల్ల మీదే అయిపోతుంది. మానిన తర్వాత ఒక వెంట్రుకవాసి మార్చాలన్నా మళ్లీ చెవి తెరవాల్సిందే. కర్ణభేరేమో నెలల తరబడి సర్దుకుంటూనే ఉంటుంది. ఇలాంటివి రూపొందించేవాళ్లు ఆ నెలల గురించి ఆలోచించాలని గట్టిగా కోరుకుంటున్నాను. కొన్ని కొత్త రకాల్లో చిన్న గుండ్రటి కీలు పెడుతున్నారు, పీడనం మారినప్పుడు కాస్త ఒరిగి సర్దుకోవడానికి. నాదానిలో అది లేదు.

ఇంకో మాట. మోడల్, పొడవు రాసిన కార్డు అడిగి తీసుకోండి. మొదటి ఆసుపత్రిలో నాకు ఇవ్వలేదు. టైటానియాన్ని అయస్కాంతం లాగదు, అయినా ఎమ్మారై దగ్గర అది ఏ రకమో అడుగుతారు. వివరాలు లేక అప్పుడు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు.

నాకు స్టేపిస్ మిగిలింది, లోపలి చెవి బాగుంది, చీము ఆగిపోయింది. స్టేపిస్ పైభాగం కూడా పోయి పొడుగు రకం, టోర్ప్, పెట్టించుకునేవాళ్లకూ, మధ్యచెవికి గాలి అందించే యూస్టేషియన్ గొట్టం సరిగా పనిచేయనివాళ్లకూ ఇంత బాగా కుదురుతుందని నేను మాట ఇవ్వలేను. నా కుడి చెవికి అవసరం పడితే మాత్రం పొడవు సరిచేసే రకమే, వీలైతే కీలున్నదే అడుగుతాను.