ఆఫీసుకి రంగురంగుల బట్టలు: చాలా ఏళ్లు వాడాక నా రివ్యూ

ముందే తేల్చి చెప్పేస్తున్నా. డ్రెస్ కోడ్ పేరుతో ఎవరూ సతాయించని, టీషర్ట్ వేసుకొచ్చినా తల తిప్పి చూడని ఆఫీసైతే రంగురంగుల బట్టలు నిక్షేపంగా వేసుకోవచ్చు. నేను చాలా ఏళ్లుగా వేసుకుంటున్నాను. చిలకపచ్చ చొక్కా, ఆవపువ్వు రంగు పోలో టీషర్ట్, నారింజ రంగు మీద తెల్ల కొంగల బొమ్మలున్న పొట్టి చేతుల చొక్కా, ఇలాంటివే ఇంకొన్ని. వీటి వల్ల అప్రైజల్ చెడిపోయిందీ లేదు, హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చిందీ లేదు. అయితే "వేసుకోవచ్చా" అని అడిగినవాళ్లకి "ఓ, భేషుగ్గా" అని చెప్పి ఊరుకుంటే సరిపోదు, ఎందుకంటే ఈ బట్టలతో వచ్చే ఇబ్బందులు అందరూ భయపడే చోట ఉండవు.

అందరి భయం జనం ఏమనుకుంటారో అని. మొదట్లో అనుకుంటారు, నిజమే. "ఏంటి విశేషం, పుట్టినరోజా?" అని ఇద్దరు ముగ్గురు అడుగుతారు. నవ్వేసి మీ పని మీరు చేసుకుంటే కొన్నాళ్లకి ఆ ప్రశ్న ఆగిపోతుంది, మీరు "ఆ రంగు చొక్కాలాయన" లేదా "ఆ రంగుల ఆవిడ" అయిపోతారు, అంతటితో సరి. ఆ తర్వాత ఎప్పుడైనా తెల్ల చొక్కా వేసుకెళ్తే "ఏమైనా ఇంటర్వ్యూ ఉందా?" అని గుచ్చి గుచ్చి అడగడం మొదలవుతుంది, అదో తమాషా.

నన్ను విసిగించింది ఇంకొకటి. ఈ బట్టలు జనానికి గుర్తుండిపోతాయి. లేత నీలం చొక్కా వారంలో రెండుసార్లు వేసుకున్నా ఎవరికీ పట్టదు, అది నిన్నటిదో వేరేదో కూడా ఎవరూ పోల్చుకోలేరు. కొంగల చొక్కా సోమవారం వేసుకుని మళ్ళీ గురువారం వేసుకెళ్లండి, లిఫ్ట్ దగ్గరే "కొంగలు మళ్ళీ వాలాయే" అంటారు. అందులో వెటకారం ఉండదు, నిజంగానే వాళ్లకి గుర్తుంది కాబట్టి అంటారు. దాంతో ఒక సాదా చొక్కా చేసే పనికి రెండు మూడు రంగు చొక్కాలు కావాల్సి వస్తాయి, బీరువా నిండిపోతుంది, కానీ పొద్దున్నే వేసుకోవడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. బట్టలు తక్కువగా ఉంచుకోవాలనుకునేవాళ్లకి ఈ దారి అస్సలు పనికిరాదు. ఘాటైన రంగే అయినా బొమ్మలు లేని చొక్కా కొంత నయం, దాన్ని కొంచెం త్వరగా మళ్ళీ తీయొచ్చు. పెద్ద పెద్ద బొమ్మలున్నదైతే నెలలో ఒకటి రెండు సార్లకి మించి బయటికి తీయలేం.

ఇక "ఆఫీసులో ఇలాంటివా?" అని మొహం చిట్లించేవాళ్ల కోసం ఒక పాత కథ. శుక్రవారం పూట ఆఫీసుకి తేలికైన బట్టలతో రావడమనే అలవాటు వెనక ఉన్నది గళ్ల చొక్కానో జీన్సో కాదు, అచ్చంగా పూల చొక్కా. 1962లో హవాయిలో బట్టల తయారీదార్ల సంఘం అక్కడి శాసనసభ్యులకి పూల చొక్కాలు పంచిపెట్టి, ఉక్కపోతలో సూట్లెందుకు, ఇవి వేసుకుని పని చేయనివ్వండి అని పట్టుబట్టింది. 1966 నాటికి శుక్రవారాలు పూల చొక్కాతో పనికి రావడం "అలోహా ఫ్రైడే" పేరుతో ఖాయమైంది. తర్వాత ఆ అలవాటు అమెరికా ప్రధాన భూభాగానికి వెళ్లింది. 1992లో జీన్స్ తయారుచేసే లీవై స్ట్రాస్ కంపెనీ ఆఫీసుకి ఎలాంటి క్యాజువల్స్ వేసుకోవాలో బొమ్మలతో చూపించే పుస్తకం ఒకటి వేసి దాదాపు 25,000 మంది హెచ్‌ఆర్ మేనేజర్లకి పంపింది. ఆ కంపెనీకి అప్పట్లో డాకర్స్ పేరుతో ఖాకీ ప్యాంట్లు అమ్ముకునే వ్యాపారం ఉండేదన్నది గుర్తుపెట్టుకుంటే మిగతాది అర్థమైపోతుంది. ఖాకీ ప్యాంటు, నీలం చొక్కా అనేది కొత్త యూనిఫాం అయి కూర్చుంది. ఇప్పుడు మన రిలాక్స్‌డ్ ఆఫీసుల్లో చూడండి, బూడిద రంగు హుడీ, నేవీ బ్లూ టీషర్ట్, నల్ల జీన్స్. టై పోయింది, ఇస్త్రీ పోయింది, రంగు మాత్రం రాలేదు. అందుకే ఎంత ఫ్రీగా ఉండే ఆఫీసులోనైనా ఆవపువ్వు రంగు చొక్కా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అది నియమాన్ని మీరినందుకు కాదు, చుట్టూ ఉన్నవాళ్లంతా బూడిద రంగులో ఉన్నందుకు.

అయితే ఇందులో హోదా గొడవ ఒకటుంది, దాన్ని ఎవరూ పైకి ఒప్పుకోరు. 2014లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు "రెడ్ స్నీకర్స్ ఎఫెక్ట్" అని ఒక పరిశోధన అచ్చేశారు. నలుగురూ పాటించే పద్ధతికి భిన్నంగా బట్టలు వేసుకున్న మనిషిని చూసేవాళ్లు ఒక్కోసారి ఇంకా పెద్ద హోదాలో ఉన్నట్టు, ఇంకా సమర్థుడైనట్టు లెక్కేస్తారన్నది దాని సారం. కాకపోతే మెలిక ఉంది, ఆ మనిషి కావాలనే అలా వేసుకున్నాడని చూసేవాళ్లకి అనిపించాలి, తెలియక వేసుకున్నాడనిపిస్తే ఆ గౌరవం రాదు. నేను ఆఫీసుల్లో చూసిందీ ఇదే. పదేళ్ల సీనియర్ గులాబి రంగు చొక్కాలో వస్తే "సార్ స్టైలే వేరు", నిన్న చేరిన కుర్రాడు అదే చొక్కాలో వస్తే "ఇంకా కాలేజీ వదల్లేదు పాపం". అన్యాయమే, కానీ ఉంది. కొత్తగా చేరినవాళ్లు ఒకటి రెండు నెలలు సాదాగా వచ్చి, పని తెలిసిన మనిషని పేరు పడ్డాక రంగులు బయటికి తీయడం మంచిదని నేనంటాను. ఆడవాళ్ల విషయంలో ఈ లెక్క ఇంకో రకంగా వంకరగా ఉంటుంది. రంగు వేసుకుంటే ఎవరూ ఆశ్చర్యపోరు, కానీ వేసుకున్న ప్రతిసారీ ఏదో ఒక కామెంట్ చేసే హక్కు తమకుందని కొందరు అనుకుంటారు, మగవాళ్లకి ఒక నెలలో ఆగిపోయే ప్రశ్నలు వాళ్లకి ఆగవు. అది బట్టల తప్పు కాదు కాబట్టి ఈ రివ్యూలో మార్కులు తగ్గించడం లేదు.

"సరే, హద్దు ఎక్కడ?" అని తరచుగా అడుగుతారు. మేరీ బారా అనే ఆవిడ అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్‌లో హెచ్‌ఆర్ చూసే రోజుల్లో పది పేజీల డ్రెస్ కోడ్ తీసేసి రెండే మాటలు పెట్టింది: తగినట్టు వేసుకోండి. చదవడానికి బావుంది కదా, కానీ అప్పుడు వచ్చిన ఫిర్యాదు కూడా ఆవిడే చెప్పింది. ఒక డైరెక్టరు, మా టీమ్ ఒక్కోసారి ఉన్నపళంగా ప్రభుత్వ అధికారుల్ని కలవాల్సి వస్తుంది, మావాళ్లు జీన్స్‌లో ఉంటే ఎలా అని అడిగాడట. చివరికి ఆ టీమే కూర్చుని తేల్చుకుంది, లాకర్లో ఒక ఫార్మల్ ప్యాంటు పెట్టుకుంటే సరిపోతుందని. నేను చేసేది కూడా అదే. డెస్క్ డ్రాయర్లో ఒక నేవీ బ్లూ బ్లేజర్, ఒక సాదా తెల్ల చొక్కా ఎప్పుడూ మడతపెట్టి ఉంటాయి. రంగు బట్టలు వేసుకునే ధైర్యంలో సగం ఆ డ్రాయర్దే. హఠాత్తుగా క్లయింట్ వస్తున్నాడంటే టెన్షన్ ఉండదు, బ్లేజర్ కింద చిలకపచ్చ కూడా మర్యాదగానే కనబడుతుంది, కొంగలకైతే చొక్కానే మార్చాలి.

క్లయింట్లకంటే ముఖ్యమైన సందర్భం ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ రాయరు. ఎవరికైనా చెడ్డ వార్త చెప్పాల్సిన రోజు. రేటింగ్ తగ్గిందని, ప్రాజెక్ట్ ఆగిపోయిందని, ఉద్యోగం పోతోందని చెప్పేటప్పుడు ఎదుటి మనిషి మీ మొహం చూడాలి, మీ చొక్కా మీది పక్షుల్ని కాదు. టీమ్‌లో ఎవరింట్లోనైనా చావు జరిగి వాళ్లు తిరిగి పనిలోకి వచ్చిన రోజు కూడా అంతే. క్యాలెండర్లో అలాంటి మీటింగ్ కనబడితే నేను రంగుల జోలికి పోను.

ఇక బట్ట సంగతి. అసలు రివ్యూ ఇక్కడే ఉంది. రంగు బట్ట ఆఫీసుకి తగదని అనిపించేది చాలాసార్లు ఆ రంగు వెలిసిపోయినప్పుడే. ముదురు ఎరుపు కొత్తలో ఎంత హుందాగా ఉంటుందో, వెలిసి మెడ దగ్గర తెల్లబారాక అంత దీనంగా ఉంటుంది. నూలు బట్టకి రియాక్టివ్ డై వేసుంటే కొంచెం నిశ్చింత, ఆ రంగు నూలు పోగుతో రసాయనికంగా కలిసిపోతుంది, పైపైన అంటుకుని ఉండదు. 1956లో ఐసీఐ అనే బ్రిటిష్ రసాయనాల కంపెనీ తెచ్చిన పద్ధతి అది, ఈనాటికీ నూలుకి ఘాటైన రంగులంటే ఎక్కువగా అదే. అయినా మొదటి రెండు మూడు ఉతుకుల్లో అంటుకోకుండా మిగిలిపోయిన రంగు నీళ్లలో వదులుతుంది, కాబట్టి విడిగా ఉతకాల్సిందే. తర్వాత నుంచి లోపలి వైపు బయటికి తిప్పి, చన్నీళ్లలో ఉతికి, నీడలో ఆరేస్తే చాలాకాలం నిలుస్తుంది. తెల్లబట్టల కోసమని మెరుపు రసాయనాలు కలిపిన డిటర్జెంట్ వద్దు, లేత గులాబి, లేత పసుపు లాంటివి దాంతో క్రమంగా ఇంకేదో రంగులోకి జారుకుంటాయి.

ఉతుకు కంటే ఎండ మోసం చేస్తుంది. కిటికీ పక్క సీటైతే కుర్చీ వెనక తగిలించిన జాకెట్‌ని ఒకసారి పరీక్షగా చూడండి, వెలుగు పడే భుజం ఒక రంగు, పడని భుజం ఇంకో రంగు. కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాల్లో కొన్నిటినే ఆపుతుంది, మిగతావి లోపలికి వచ్చి రంగుని తినేస్తాయి. వెలుతురుతోనే ఇంకో చిక్కు, షాపు లైట్ల కింద చూసిన రంగు ఆఫీసు ఎల్‌ఈడీ కింద అలాగే ఉంటుందని నమ్మడానికి లేదు. వంకాయ రంగనుకుని తెచ్చుకున్నది మీటింగ్ రూమ్‌లో మట్టి రంగులో కనబడుతుంది. కొనే ముందు షాపు గుమ్మం దాకా వెళ్లి పగటి వెలుతురులో ఒకసారి, మొబైల్ టార్చ్ కింద ఒకసారి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

పాలిస్టర్ రంగు నిలుపుకోవడంలో గట్టిది, ఒప్పుకుంటాను, కానీ మెరుస్తుంది. మెరుపు, ఘాటు రంగు ఒకే చొక్కాలో కలిస్తే స్టేజి ప్రోగ్రామ్‌కి వచ్చినట్టుంటుంది, పైగా చెమట వాసన ఓ పట్టాన వదలదు. విస్కోస్ (రేయాన్ రకం బట్ట) మీద బొమ్మలు అద్భుతంగా కుదురుతాయి, ఒంటి మీద జారుతూ హాయిగా ఉంటుంది, కానీ తడిస్తే బలం తగ్గిపోయే బట్ట అది, మెషీన్లో పడేస్తే ఆకారం చెడుతుంది, కురచ అవుతుంది. నా దగ్గరున్న విస్కోస్ చొక్కాలు ఏవీ ఎక్కువకాలం ఆఫీసు మొహం చూడలేదు. ఇకమీదట కొనను.

లాభాలు కూడా చెప్పాలి కదా. బొమ్మల చొక్కా మీద ముడతలు, చిన్న చిన్న మరకలు, చెమట తడి కనబడవు. లేత బూడిద రంగు టీషర్ట్ వేసుకుని బస్సు కోసం పరుగెత్తినవాళ్లకి ఈ మాట విలువ తెలుస్తుంది. పెద్ద ఆఫీసులో "ఆ పచ్చ చొక్కా దగ్గరికి వెళ్లి అడుగు" అని కొత్తవాళ్లకి దారి చెప్పడం సులువు, నాకు చాలామంది అలాగే పరిచయమయ్యారు. నా మూడ్ మారిందా అంటే, పొద్దున వేసుకునేటప్పుడు బావుంటుంది, పదకొండు గంటలకి పనిలో పడ్డాక ఏం వేసుకున్నానో గుర్తుండదు. బట్టలు మన ఆలోచననే మార్చేస్తాయని 2012లో ఒక ప్రయోగం బాగా పేరు తెచ్చుకుంది, డాక్టరు కోటని చెప్పి తొడిగిస్తే ఏకాగ్రత పెరిగిందని. 2019లో వేరేవాళ్లు ఇంకా ఎక్కువమందితో మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి పసుపు చొక్కా వేసుకుంటే పని చురుగ్గా సాగుతుందన్న మాటలు నేను నమ్మను.

వీడియో కాల్స్‌లో మాత్రం లెక్క మారుతుంది. సన్న గీతలు, చిన్న గళ్లు కెమెరాలో అలలు అలలుగా కదులుతూ ఎదుటివాళ్లకి కళ్లు తిప్పుతాయి. ఘాటైన ఎరుపైతే కెమెరా రంగుల్ని సర్దబోయి మీ మొహాన్ని పాలిపోయినట్టు చూపిస్తుంది. వెనక ఆకుపచ్చ తెర పెట్టుకుని బ్యాక్‌గ్రౌండ్ మార్చేవాళ్లు చిలకపచ్చ చొక్కాతో కూర్చుంటే తల ఒక్కటే గాల్లో తేలుతుంది, ఇది మాత్రం నవ్వుకోవడానికి ఒకసారి చేసి చూడొచ్చు. నెమలి కంఠం రంగు, ఇటుక రంగు, ముదురు ఆవపువ్వు రంగు కెమెరాకి బాగా నప్పుతాయి.

అచ్చేసిన మాటలున్న టీషర్ట్‌ల గురించి అడగొద్దు, అది రంగు విషయమే కాదు. జోక్ ఒకసారి చదివాక రోజంతా దాన్ని మోసుకు తిరగాలి, రాజకీయమైతే అంతకంటే చెడ్డది.

అన్ని రంగులూ ఒకేసారి వేసుకోకండి. చొక్కా అరుస్తుంటే ప్యాంటు, బూట్లు నోరు మూసుకోవాలి. సైజు మాత్రం కచ్చితంగా ఉండాలి, వదులు నల్ల టీషర్ట్‌ని ఎవరూ పట్టించుకోరు గానీ వదులు నారింజ చొక్కా అరువు తెచ్చుకున్నట్టుంటుంది. ఇంకా ధైర్యం చాలకపోతే చొక్కాతో కాకుండా ప్యాంటుతో మొదలుపెట్టండి. ముదురు ఆకుపచ్చదో ఇటుక రంగుదో ఒకటి, పైన మామూలు తెలుపో నీలమో. కూర్చుంటే టేబుల్ కింద ఉంటుంది, వీడియో కాల్లో కనబడదు, వారంలో రెండుసార్లు వేసుకున్నా పెద్దగా ఎవరికీ గుర్తుండదు.