అదే కారులో వెళ్లి, అదే కారులో తిరిగి రావాలి

ట్రాక్ డేకి, అంటే సొంత కారును రేస్ ట్రాక్ మీద తిప్పుకునే రోజుకి, ట్రైలర్ మీద కారు తెచ్చుకునేవాళ్ల లెక్క వేరు. ఏదైనా విరిగితే ఎక్కించుకుని వెళ్లిపోతారు. మాది పాత హోండా సివిక్. స్ప్రింగులు, డ్యాంపర్లు, బ్రేక్ ప్యాడ్లు, సైలెన్సర్ అన్నీ ఇంటి దగ్గర నేనూ మా తమ్ముడూ కలిసి మార్చినవే. పొద్దంతా ట్రాక్ మీద తిప్పి, సాయంత్రం అదే కారులో హైవే ఎక్కాలి. అందుకే ట్రాక్ డే అనగానే ఏ ట్రాక్, ఎక్కడ బస, నిర్వాహకులెవరు అన్న మూడూ ఆ ఒక్క అవసరాన్ని బట్టే ఎంచుకున్నాం.

ముందు ట్రాక్ సంగతి. కార్ల పిచ్చి ఉన్న ఎవరికైనా జర్మనీలోని నుర్బుర్గ్‌రింగ్ మీద ఒక్కసారైనా తిప్పాలని ఉంటుంది. కానీ 1927లో మొదలైన అక్కడి పాత ట్రాక్ నార్డ్‌ష్లైఫ ఒక్క చుట్టే 20.8 కిలోమీటర్లు. మామూలు జనానికి తెరిచిన రోజుల్లో అది టోల్ రోడ్డు కింద లెక్క. టైమ్ కొలుచుకోకూడదు, ఓవర్‌టేక్ ఎడమ పక్క నుంచే చేయాలి, కంచెకు గుద్దితే దాని మరమ్మతు ఖర్చు కూడా మనదే. చాలా చోట్ల రోడ్డు అంచుకూ కంచెకూ మధ్య జాగా కూడా పెద్దగా ఉండదు. చేత్తో బిగించిన భాగాలను మొదటిసారి పరీక్షించుకోవడానికి అది చోటు కాదని నా అభిప్రాయం. మేం వెళ్లింది మూడు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉండే చిన్న ట్రాక్. మలుపుల బయట విశాలంగా ఖాళీ జాగా, చాలా చోట్ల కంకర పరుపు. కారులో కొత్త శబ్దం ఏదైనా వినిపిస్తే రెండు నిమిషాల్లో పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపే చోట, ఉంటాం. పేరున్న ట్రాక్ కంటే ఈ వెసులుబాటే నాకు ముఖ్యం. మలుపులు గొప్పగా లేవు, ఒకటి రెండు చోట్ల తారు అతుకులు స్టీరింగ్‌కు బాగా తగులుతాయి. అయినా మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇలాంటిదే చెబుతాను.

బసకు రెండు దారులున్నాయి. ఊళ్లో మంచి హోటల్, లేదా ట్రాక్ గేటుకు దగ్గర్లో సాదా గదులు. మేం గేటు పక్కదే తీసుకున్నాం. మంచం గట్టిగా ఉంది, గోడలు పల్చన, తెల్లారకముందే పక్క కార్ల ఇంజిన్లు లేపేస్తాయి. హాయిగా నిద్రపోవాలంటే ఊళ్లోదే నయం. కానీ ఇక్కడ చదునైన కాంక్రీటు నేల, దాని మీద మంచి లైటు ఉన్నాయి. జాకీ పెట్టుకోవచ్చా అని బుక్ చేసేముందే అడిగితే సరే అన్నారు. ఆ రాత్రి చక్రాల నట్లన్నీ టార్క్ రెంచ్‌తో 108 న్యూటన్ మీటర్లకు సరిచూశాం. ఇంజిన్ ఆయిల్ గరిష్ఠ గీత దాకా పోశాం. పొడవైన మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు ఒరిగిపోయి పంపుకు అందకపోయే ప్రమాదం ఉంటుంది. ఈ పనులేవీ హోటల్ బేస్‌మెంట్‌లో చేయనివ్వరు.

ఇక నిర్వాహకుల సేవల్లో నాకు అన్నిటికంటే నచ్చింది పొద్దున చేసిన తనిఖీ. కొన్ని చోట్ల కాగితం మీద టిక్కులు పెట్టి పంపేస్తారని విన్నాను. ఇక్కడ తనిఖీ చేసినాయన బానెట్ ఎత్తి బ్యాటరీని రెండు చేతులతో పట్టుకుని ఊపారు. చక్రాన్ని పైనా కిందా పట్టి కదిలించి బేరింగ్ చూశారు. తర్వాత బ్రేక్ పెడల్ తొక్కి, కాలు తీయకుండా చాలాసేపు అలాగే ఉంచి, "బ్రేక్ పైపుల్లో గాలి తీసింది ఎవరండీ?" అని అడిగారు. మేమే అని చెప్తే, ఏ బ్రేక్ ఆయిల్ పోశారు, ఎప్పుడు పోశారు అని ఆరా తీసి, నాలుగు చక్రాల దగ్గరా పైపు అతుకుల మీద టిష్యూ పేపర్ అద్ది తడి ఉందేమో చూశారు. ఫ్లోర్ మ్యాట్లు, డిక్కీలోని స్టెప్నీ, జాకీ అన్నీ బయట పెట్టించారు. మా పక్కనున్న మాజ్డా ఎంఎక్స్-5కి సీట్ల వెనకుండే ఇనుప కమ్మీ (రోల్ బార్) పైనుంచి విండ్‌షీల్డ్ అంచు దాకా కర్ర పెట్టి, డ్రైవర్ హెల్మెట్ ఆ కర్రకు తగులుతుందేమో చూశారు. టాప్ లేని కారు బోల్తా పడితే తల కాపాడేది ఆ ఖాళీయే. సైలెన్సర్ గొట్టానికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో మీటర్ పెట్టి శబ్దం కొలిచారు. అమెరికాలోని లగూనా సెకా లాంటి పేరున్న ట్రాకులు కూడా చుట్టుపక్కల ఇళ్లవాళ్ల కోసం ఈ హద్దు గట్టిగా పాటిస్తాయి. సైలెన్సర్ మార్చినవాళ్లు బయల్దేరే ముందే ఆ ట్రాక్ హద్దు ఎంతో కనుక్కోవాలి.

బ్రీఫింగ్‌లో జెండాల గురించి తొందరపడకుండా చెప్పారు. కొత్తవాళ్లను వేరే గ్రూపులో పెట్టారు. స్ట్రెయిట్‌లో మాత్రమే, ముందున్నవాళ్లు చేత్తో సైగ చేశాకే దాటాలి. ఇన్‌స్ట్రక్టర్ కోసం విడిగా డబ్బు కట్టాం, ఒక్క రూపాయి కూడా వృథా కాలేదు. ఆయన వేగం గురించి మాట్లాడనే లేదు. చూపు ఎక్కడ పెట్టాలో, బ్రేక్ ఎక్కడ వదలాలో మాత్రమే చెప్తూ వచ్చారు.

మధ్యాహ్నం సెషన్ చివరికి పెడల్ కొంచెం లోతుగా దిగడం మొదలైంది. వెంటనే వేగం తగ్గించి, బ్రేక్ వాడకుండా ఒక చుట్టు తిప్పి లోపలికి వచ్చేశాను. "అన్నా, పెడల్ మెత్తబడిందా?" అంటూ తమ్ముడు టార్చితో వచ్చాడు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే వేడి కనీసం 230 డిగ్రీలు ఉండాలి. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలే. మరిగితే లోపల ఆవిరి బుడగలు చేరతాయి, మన కాలి బలమంతా ఆ బుడగలను నొక్కడానికే పోతుంది. హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేరులో వదిలేసి, చక్రాల కింద చెక్క ముక్కలు పెట్టి చల్లారనిచ్చాం. పెడల్ మళ్లీ గట్టిపడింది. అయినా గాలి తీసి కొత్త ఆయిల్ పోశాకే తర్వాతి సెషన్‌కు వెళ్లాం.

సేవల్లో లోటు కనిపించింది టైర్ల గాలి దగ్గర. కార్లు నిలుపుకునే పాడాక్ మొత్తానికి ఒకే కంప్రెసర్, దాని గేజ్ మా గేజ్‌తో కలవలేదు. టైర్లు వేడెక్కేకొద్దీ ప్రెషర్ బాగా పెరుగుతుంది కాబట్టి ప్రతి సెషన్ తర్వాతా గాలి కొంత వదలాలి, ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ నింపుకోవాలి. సొంత గేజ్, చిన్న పంపు తప్పకుండా తీసుకెళ్లండి. లోపల పెట్రోల్ లేదు, రోడ్డు మీద కంటే ట్యాంక్ ఎన్నో రెట్లు త్వరగా ఖాళీ అవుతుంది. రికవరీ వాహనం మాత్రం చురుగ్గా పనిచేసింది. అంబులెన్స్ కాసేపు బయటికి వెళ్లాల్సి వస్తే అది తిరిగొచ్చేదాకా ట్రాక్ ఆపేశారు. కొంతమంది విసుక్కున్నారు కానీ ఆ పని నూటికి నూరుపాళ్లు సరైనది.

ఇన్సూరెన్స్ సంగతి ముందే తేల్చుకోవాలి. మామూలు కారు పాలసీల్లో చాలావాటికి ట్రాక్ వర్తించదు. కారులో చేసిన మార్పులు కంపెనీకి చెప్పకపోతే దారిలో జరిగిన ప్రమాదానికి కూడా పేచీ పెట్టొచ్చు.

ఆఖరి సెషన్ మేం వదిలేసుకున్నాం. ప్యాడ్ల మందం చూశాం, నట్లు మళ్లీ బిగించాం, టైర్లలో గాలి నింపాం. వెలుతురు ఉండగానే బయల్దేరాం. మళ్లీ వెళ్తే ఇదే ట్రాక్, ఇవే గదులు. ఎండాకాలమైతే పాడాక్‌లో నీడ ఉన్న గ్యారేజీ మాత్రం ముందే బుక్ చేసుకుంటాం.