అగ్ని విన్యాసాల భద్రతకు మంటలార్పే ఏ సిలిండర్: దీర్ఘకాల వాడకం తర్వాత ఒక సమీక్ష

నిప్పు పోయ్‌లు (గొలుసు చివర మండే వత్తి ఉన్నవి), కర్రలు తిప్పే బృందానికి భద్రత చూసే బాధ్యతలో కొన్నేళ్లుగా మంటలార్పే పౌడర్, కార్బన్ డయాక్సైడ్, ఫోమ్ (నురగ) సిలిండర్లు మూడింటినీ వాడాను. ఇప్పుడు ఇంధనం ఉంచే చోటికి నా మొదటి ఎంపిక 2 లీటర్ల ఫోమ్ సిలిండర్.

అయితే కళాకారుడి బట్టలు అంటుకున్నప్పుడు నా చేయి ముందుగా వెళ్లేది సిలిండర్ మీదికి కాదు, తడిపి పిండిన నూలు తువ్వాలు మీదికి. సింథటిక్ బట్ట కరిగి చర్మానికి అతుక్కుంటుంది కనుక అది పనికిరాదు. పోయ్‌లకూ కర్రలకూ చుట్టే కెవ్లార్ (వేడిని తట్టుకునే నార) వత్తులను ఆర్పడానికీ తువ్వాలే చాలు. ఒలికిన ఇంధనం మండినా, తెర అంటుకున్నా సిలిండర్ కావాలి.

మంటను అణచే వేగంలో 2 కిలోల ఏబీసీ పౌడర్‌కు (పలు రకాల మంటలకు పనికొచ్చే పొడి) సాటి లేదు. కానీ దాని నుంచి లేచే తెల్లటి ధూళిలో పక్కనున్న కళాకారులకు ఏమీ కనబడదు, దగ్గు ఆగదు. తేమ తగిలితే ఆ పొడి లోహాన్నీ సౌండ్ పరికరాలనూ తినేస్తుంది. ఒక్క క్షణం నొక్కి వదిలినా వాల్వులో రేణువులు ఇరుక్కుని ఒత్తిడి మెల్లగా జారిపోవచ్చు కాబట్టి, ఎంత కొద్దిగా వాడినా మళ్లీ నింపించక తప్పదు. ఆరుబయట పెద్ద ప్రదర్శనలకు మాత్రం ఇప్పటికీ దీన్ని అదనంగా తీసుకెళతాను.

కార్బన్ డయాక్సైడ్ మరకేమీ మిగల్చదు, సౌండ్ బల్ల దగ్గర దానికి మించింది లేదు. ఆరుబయట మాత్రం గాలి దాన్ని ఇట్టే చెదరగొడుతుంది. చల్లార్చే గుణం తక్కువ కనుక మంట ఆరిన ఇంధనం మళ్లీ అంటుకోవచ్చు. అందులోంచి వచ్చే మంచుపొడి ఉష్ణోగ్రత సుమారు మైనస్ 78 డిగ్రీలు, కాబట్టి దాన్ని మనిషి మీద ప్రయోగించడం నాకు సమ్మతం కాదు. ఇరుకు గదిలో ఊపిరాడకుండా చేసే ప్రమాదమూ ఉంది. పైగా దీనికి ప్రెజర్ గేజ్ ఉండదు, లోపల ఎంతుందో తూకం వేస్తేనే తెలుస్తుంది.

ఫోమ్ ఇంధనం పైన పొరలా పరుచుకుని ఆవిరిని అడ్డుకుంటుంది, చల్లబరుస్తుంది కూడా. గది ఉష్ణోగ్రతలోనే అంటుకునే ఆవిరిని వదిలే వైట్ గ్యాస్ (పెట్రోలు లాంటి ద్రవ ఇంధనం) వాడేవారికి ఈ గుణమే ముఖ్యం. ఒలికిన ఇంధనంలోకి నేరుగా గుచ్చినట్టు కొట్టకుండా, వెనకనున్న గోడకో పళ్లెం అంచుకో తగిలి జారేలా చల్లాలి. దీని లోపాలూ చిన్నవి కావు: తడిసిన వేదిక జారుతుంది, గడ్డకట్టే చలిలో మామూలు ఫోమ్ పనిచేయదు. రంగు మంటల కోసం మిథనాల్ వంటి ఆల్కహాల్ వాడేవారికి మామూలు ఫోమ్ పొర నిలవదు, ఆల్కహాల్‌ను తట్టుకునే రకమే కావాలి. కొనేటప్పుడు ఈ మాట లేబుల్ మీద ఉందో లేదో చూడండి.

సిలిండర్‌ను ఇంధనం బల్ల మీదే పెట్టడం నాకు అర్థం కాని అలవాటు. బల్ల అంటుకున్నాక దాన్ని ఎవరు అందుకుంటారు? నాలుగడుగుల ఎడంగా, గాలి వచ్చే వైపు ఉంచాలి. బృందంలో అందరికన్నా బక్కపలుచని మనిషి ఒంటిచేత్తో ఎత్తగలిగేంత బరువే ఎంచుకోవాలి. మళ్లీ నింపించే గడువు వచ్చినప్పుడు పాత సరుకును పారబోయకుండా, అందరిచేతా పిన్ను లాగించి, మంట మొదలు మీదికి అటూ ఇటూ చల్లించే అభ్యాసానికి వాడతాం.