మ్యాప్‌లో చూసి ఒంగోలు బయల్దేరాం

మా అన్న కొడుకు ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిచి ఆస్ట్రేలియా ఎడారిలో నేల మీద గీసిన మనిషి బొమ్మ చూపించాడు. మర్రీ మ్యాన్ అంటారు, పొడవు దాదాపు 2.7 కిలోమీటర్లు. 1998లో ఓ పైలట్ కంటబడింది. ఎవరు గీశారో ఇప్పటికీ తేలలేదు. బొమ్మంతా కనపడాలంటే విమానం ఎక్కాల్సిందే.

"మన దగ్గర ఇట్టాంటివి లేవా బాబాయ్?"

మ్యాప్‌ని ఒంగోలు వైపు జరిపాను. పడమట చీమకుర్తి దగ్గర మెట్లు మెట్లుగా క్వారీ గోతులు. తూర్పున సముద్రం పక్కన కనపర్తి ఉప్పు కొటార్లు, అంటే ఉప్పు పండించే మడులు, గళ్ల చీర ఆరేసినట్టు. బొమ్మ వేద్దామని ఎవరూ అనుకోకపోయినా మన చేతులు గీసిన గీతలే కదా ఇవి. ఫిబ్రవరి చివర్లో నెల్లూరులో రైలెక్కాం.

ఒంగోలులో కర్నూలు రోడ్డు లాడ్జిలో దిగాం. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు పొద్దున ఏడింటి వరకే. రోడ్డు వైపు గది మాత్రం తీసుకోకండి, రాత్రంతా లారీల మోత. తిండికి ఇబ్బంది లేదు. తిరిగొచ్చేటప్పుడు అల్లూరయ్య మైసూర్‌పాకు కొనుక్కోండి.

చీమకుర్తి సుమారు 20 కిలోమీటర్లు, బస్సులకు కొదవ లేదు. చిక్కంతా దిగాకే. మొదటి క్వారీ గేటు దగ్గరే ఆపేశారు. పేలుళ్లు, క్రేన్లు ఉన్న చోటికి దారినపోయేవాళ్లను రానివ్వకపోవడం న్యాయమే. తెలిసినవాళ్ల చేత ఫోన్ చేయించి, హెల్మెట్లు పెట్టుకుని ఇంకో క్వారీ అంచుదాకా వెళ్లాం. అడుగున పొక్లెయిన్ మిడతంత ఉంది. వైర్ సా (రాయిని కోసే తీగ రంపం) కోసిన గోడలు కత్తితో కోసిన హల్వా ముక్కల్లా నున్నగా ఉన్నాయి. ఒకాయన బ్లాకు మీద నీళ్లు పోశాడు. నల్లరాతిలో బంగారు చుక్కలు ఒక్కసారిగా మెరిశాయి. బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వచ్చే ఆ చుక్కలను చూసే దీనికి గెలాక్సీ గ్రానైట్ అని పేరు.

"పైనించి బాగానే ఉంటదయ్యా. కింద ఈ దుమ్ము పీల్చేది మేమేగా" అన్నాడాయన. మ్యాప్‌లో ఆ దుమ్ము కనపడలేదు. ఆ మాట విన్నాక ఫొటోలు తీయబుద్ధి కాలేదు.

కనపర్తికి ఆటో మాట్లాడుకున్నాం. వెయిటింగ్ చార్జీ ముందే తేల్చుకోండి. మేం తేల్చుకోలేదు, దిగేటప్పుడు మాటామాటా అయింది. కొటార్ల దగ్గర చెట్టు నీడ లేదు, మరుగుదొడ్డి లేదు, తాగే నీళ్లు మనమే తీసుకెళ్లాలి. ఆడవాళ్లతో వెళ్లేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

అయినా రెండింట్లో నా ఓటు దీనికే. గట్ల మీద ఎవరూ అడ్డు చెప్పలేదు. ఒక ఉప్పు రైతు పార పక్కన పెట్టి ఓపిగ్గా చెప్పాడు. ఉప్పునీళ్లను ఒక మడిలోంచి ఇంకో మడిలోకి మళ్లిస్తూ ఎండబెడతారు. నీళ్లు చిక్కనయ్యే కొద్దీ ఉప్పులో బతికే సూక్ష్మజీవులు పెరిగి ఎర్రదనం వస్తుంది. మ్యాప్‌లో గళ్లకు తలా ఒక రంగు ఎందుకో అప్పుడు అర్థమైంది. వాన పడితే చేసిన పనంతా కరిగిపోతుందట. 1930లో ప్రకాశం పంతులుగారు ఉప్పు సత్యాగ్రహ శిబిరం నడిపిన దేవరంపాడు కూడా ఈ జిల్లాలోదే. పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు ఏముంటుంది?

పెరూ ఎడారిలో నేల మీద పూర్వీకులు గీసిన పెద్ద పెద్ద బొమ్మలున్నాయి, నాజ్కా గీతలంటారు. వాటిని చూడ్డం కోసం, వాటి మీద పరిశోధన చేసిన మరియా రైషె 1976లో రోడ్డు పక్కన మంచెలాంటి ఇనుప కట్టడం కట్టించింది. అది ఎక్కితే రెండు మూడు బొమ్మలు కనిపిస్తాయి. కనపర్తిలోనూ అట్టాంటి మంచె ఒకటి వేసి, పక్కనే కుళాయి పెట్టి, ఉప్పు రైతుల చేతే టికెట్లు అమ్మిస్తే ఆ డబ్బు వాళ్లకే అందుతుంది.

బయల్దేరబోతుంటే ఆ రైతు మా వాణ్ణి మోటారు షెడ్డు మీదికి ఎక్కనిచ్చాడు.

"బాబాయ్, గళ్లన్నీ కనపడతన్నాయి! నువ్వూ రా!"

మోకాళ్ల నొప్పి మర్చిపోయి నేనూ ఎక్కాను.