వర్చువల్ పేషెంట్: కొమ్మలుగా చీలే కేసా, ఏఐ రోగా? ఏది మేలు?

విజయవాడ, గుంటూరు మెడికల్ కాలేజీల ట్యూటర్లు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. వర్చువల్ పేషెంట్ అంటే వైద్య విద్యార్థి కంప్యూటర్‌లో సాధన చేసే కల్పిత రోగి. కొమ్మల కేసులో విద్యార్థి ఎంచుకున్న జవాబును బట్టి కథ వేరే దారి పడుతుంది; ఏఐ రోగి అడిగిన ప్రశ్నకు రోగిలా బదులిస్తుంది. నా ఓటు ముందుగా కొమ్మల కేసుకే.

2009లో పరిశోధకులు కుక్, ట్రయోలా తమ సమీక్షలో వర్చువల్ పేషెంట్లు బాగా పనికొచ్చేది క్లినికల్ రీజనింగ్‌కేనని (లక్షణాలను బట్టి జబ్బు, చికిత్స ఆలోచించి తేల్చడానికేనని) అన్నారు. 51 ట్రయల్స్‌ను, 4,696 మందిని కలిపి చూసిన 2019 సమీక్షలో, మామూలు బోధనతో పోలిస్తే నాలెడ్జ్‌లో తేడా పెద్దగా లేదు, స్కిల్స్ మాత్రం మెరుగుపడ్డాయి. కాబట్టి కేవలం నాలెడ్జ్ కోసం లెక్చర్‌కు బదులుగా వీటిని పెడితే పెద్దగా ఒరిగేదేమీ లేదు. 2023 నుంచి పరిశోధన ఏఐ రోగుల వైపు మళ్లింది.

ఏది మేలో తేల్చేది ఒక్కటే: విద్యార్థి తప్పు చేస్తే తర్వాత ఏమవుతుంది?

మిర్చి తోటలో పురుగుమందు కొట్టి వచ్చిన 45 ఏళ్ల రైతు కేసు చూడండి. వాంతులు, చొంగ, ఆయాసం, కంటిపాపలు చిన్నవి. విరుగుడుగా అట్రోపిన్ మొదలైంది. ఎప్పుడు ఆపాలి? ‘పల్స్ 120 దాటగానే’ అని ఎంచుకున్న విద్యార్థికి తర్వాతి పేజీలో సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 84కు పడిపోవాలి, నోట నురగ పెరగాలి. కింద కారణం ఉండాలి: ఆక్సిజన్ అందకపోయినా పల్స్ పెరుగుతుంది, దాన్ని చూసి ఆపకూడదు. ఊపిరితిత్తుల్లో శబ్దాలు పోయి, పల్స్ 80, సిస్టాలిక్ బీపీ (పై అంకె) 80 దాటేదాకా ప్రతి 5 నిమిషాలకూ డోసు రెట్టింపు చేయాలి. బ్యాచ్‌లో అందరికీ ఇదే పర్యవసానం ఎదురవుతుంది కాబట్టి తర్వాత చర్చ పెట్టడం తేలిక.

రాసేవాళ్లు దెబ్బతినేది కొమ్మల లెక్క దగ్గరే. ఆరు నిర్ణయాలు, ఒక్కోదానికి మూడు దారులు పెడితే 729 ముగింపులు! తప్పు దారిని ఒకటి రెండు పేజీల్లోనే అసలు దారిలోకి తిప్పేయండి. ఇలాంటి కేసులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ల్యాబిరింత్ ఉచితం. అదీ కష్టమైతే గూగుల్ ఫామ్స్‌లో జవాబును బట్టి సెక్షన్‌కు పంపే సెట్టింగ్ చాలు. కాకపోతే అందులో వెనక్కి వెళ్లి జవాబు మార్చుకునే వీలుంది, మొదటి జవాబును కాగితం మీద రాయించండి.

ఏఐ రోగి బలం హిస్టరీ తీసుకోవడంలో (రోగిని అడిగి జబ్బు వివరాలు రాబట్టడంలో) ఉంది. ‘కళ్లు మసకలు కమ్ముతున్నాయండీ’ అని తెలుగులో చెప్పించుకునే అవకాశం ఇంగ్లీషు కేసుల్లో దొరకదు, జీజీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి) ఓపీలో వినపడేది ఆ మాటే. కానీ మూడు తప్పులు చేస్తుంది: అడగకుండానే అన్నీ చెప్పేస్తుంది, ‘ఛాతీ నొప్పి ఉంది కదా?’ అంటే ఔనంటుంది, ఇవ్వని ల్యాబ్ విలువలను కల్పిస్తుంది. ప్రాంప్ట్‌లో (ఏఐకి ముందుగా ఇచ్చే సూచనల్లో) ‘అడిగితేనే చెప్పాలి’, ‘లేవని చెప్పాలి’ అని రెండు లక్షణాల జాబితాలివ్వండి. రిపోర్టులు విడిగా మీరే చూపించండి. మార్కులు మాత్రం దాని చేత వేయించొద్దు.

ఇక మిగతా పద్ధతులు: మానికిన్ (సాధన బొమ్మ) సీపీఆర్, ఇంట్యుబేషన్ (శ్వాసనాళంలో గొట్టం వేయడం) నేర్పడానికి. నటించే రోగులు 1963లో అమెరికా డాక్టర్ హోవార్డ్ బారోస్ మొదలుపెట్టినప్పటి నుంచీ ఉన్నారు, మాట తీరు నేర్పడానికి ఇప్పటికీ వాళ్లే మేలు, ఖర్చే సమస్య. కొమ్మల్లేని వరుస కేసులు రెండో ఏడాది వాళ్లకు సరిపోతాయి.

ఏది ఎంచుకున్నా క్లాసుకు ముందు ఇద్దరు హౌస్ సర్జన్ల చేత కేసు నడిపించండి. వాళ్లిద్దరూ ఒకేచోట తడబడితే విద్యార్థులను తప్పుపట్టేముందు ప్రశ్నను తిరగరాయండి.